సింగరేణిలో నాగా: హాజరు, శిక్ష, వాటా – ఉత్తర తెలంగాణ బొగ్గుగనుల కార్మిక చరిత్ర పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఉద్యోగి సంతోషంగా, ఉత్సాహంగా ఉంటే పనికి గైర్హాజరు కాడన్నది నిర్వహణశాస్త్రంలో తరచు కనిపించే ప్రతిపాదన. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని సింగరేణి బొగ్గుగనుల చరిత్ర ఆధారంగా ఆ ప్రతిపాదనను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హాజరుకు బోనస్, గైర్హాజరుకు శిక్ష, లాభాల్లో వాటా, కుటుంబసమేతంగా కౌన్సెలింగ్ అనే నాలుగు మార్గాలు ఈ గనుల్లో వేర్వేరు కాలాల్లో అమలయ్యాయి. వీటిలో వాటా, ప్రాతినిధ్యం అనేవి సామూహిక గైర్హాజరును, అంటే సమ్మెను, తగ్గించడానికి తోడ్పడ్డాయి. శరీరంతో, ఊరితో, ఇంటితో ముడిపడిన వ్యక్తిగత నాగాను అవి అదే స్థాయిలో తగ్గించలేకపోయాయి. ఈ తేడాను గుర్తించకుండా గైర్హాజరును ఒకే సమస్యగా చూడడం చారిత్రకంగా సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సింగరేణి, నాగా, మస్టర్, బదిలీ కార్మికుడు, లాభాల వాటా, గోదావరిఖని, బెల్లంపల్లి, గైర్హాజరు.

1. ప్రవేశిక:
1871లో భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులను పొంది, 1889లో ఉత్పత్తి ప్రారంభించింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ రూపొందింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలను కొనుగోలు చేసింది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ యాజమాన్యం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించింది. 1960 నుంచి కేంద్ర ప్రభుత్వం కూడా వాటాదారైంది.

ఖమ్మం జిల్లాలో మొదలైన తవ్వకం గోదావరి లోయ వెంట ఉత్తరానికి విస్తరించింది. నదికి ఆవలి ఒడ్డున ఆదిలాబాద్ జిల్లాలోని బెల్లంపల్లి ప్రాంతంలో 1920ల చివర్లో గనులు వెలిశాయి. ఈవలి ఒడ్డున కరీంనగర్ జిల్లాలో 1950ల చివర, 1960ల తొలినాళ్లలో ప్రారంభమైన గనులు గోదావరిఖని అనే పట్టణాన్నే సృష్టించాయి. మందమర్రి, శ్రీరాంపూర్, రామగుండం ప్రాంతాలు క్రమంగా సంస్థకు గుండెకాయలయ్యాయి. 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత ఈ ప్రాంతాలు పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల్లోకి చేరాయి. చారిత్రక కాలాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసంలో పాత జిల్లాల పేర్లనే వాడడం జరిగింది.

ఈ గనుల చరిత్ర పొడవునా యాజమాన్యాన్ని వేధించిన సమస్యల్లో కార్మికుల గైర్హాజరు ఒకటి. సింగరేణి చరిత్రను సమ్మెల చరిత్రగా, ఉద్యమాల చరిత్రగా, ప్రమాదాల చరిత్రగా చెప్పుకోవడం పరిపాటి. అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితల కథాసాహిత్యం ఆ జీవితాన్ని తెలుగు పాఠకులకు దగ్గర చేసింది. అయితే సమ్మె లేని రోజున, ప్రమాదం జరగని రోజున, ఒక కార్మికుడు ఒంటరిగా పనికి వెళ్లకుండా ఇంటి దగ్గర ఆగిపోవడానికి కూడా ఒక చరిత్ర ఉంది. దానిపై దృష్టి తక్కువగా పడింది.

2. మాటల్లో దాగిన చరిత్ర:
గైర్హాజరుకు సంబంధించి గనుల్లో వాడుకలో ఉన్న పదాలను గమనిస్తే ఒక ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. పనికి రాకపోవడం 'నాగా'. వస్తే 'మస్టర్' పడుతుంది. రాని మనిషి స్థానంలో దిగేవాడు 'బదిలీ' కార్మికుడు. నాగా, బదిలీ, హాజరు, గైర్హాజరు అనే మాటలు ఉర్దూ ద్వారా తెలంగాణ తెలుగులోకి వచ్చాయి. మస్టర్, షిఫ్ట్, ప్లేడే వంటివి ఆంగ్లం నుంచి వచ్చాయి. కార్మికులు తాము దిగే గనిని మాత్రం 'బాయి' అన్నారు. బొగ్గుబాయి, బాయిపని, బాయి దిగడం అనే మాటలు వ్యవసాయ జీవితం నుంచి నేరుగా గనిలోకి నడిచివచ్చినవి. లెక్క రాసే పదాలు పాలకుల భాషలవి, చేసే పనికి పెట్టుకున్న పేరు రైతు భాషది.

ఈ విభజన యాదృచ్ఛికం కాదు. వ్యవసాయంలో పనికి రుతువు ప్రమాణం. వాన పడితే పని ఉంటుంది, కోత అయితే విరామం ఉంటుంది. ఏడాది పొడవునా ప్రతిరోజూ ఒకే గంటకు ఒకే చోటికి రావాలన్న నియమం ఆ జీవితంలో లేదు. కనుక అందులో 'నాగా' అనే భావనకు కూడా పెద్దగా చోటు లేదు. ఆంగ్ల చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఇంగ్లండు చేతివృత్తులవారు సోమవారాలను పనిలేని రోజులుగా గడిపే అలవాటును, దాన్ని మాన్పించడానికి పారిశ్రామిక వ్యవస్థ పడిన పాట్లను చర్చించాడు. గడియారపు కాలం ఎక్కడికి వెళ్లినా అక్కడి కార్మికులకు కొత్తగా నేర్పవలసినదే అయింది. గోదావరి లోయ అందుకు మినహాయింపు కాదు.

'బదిలీ ఫిల్లర్' అనే కొలువు పుట్టుక ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. పేల్చిన బొగ్గును తట్టా, చెమ్మస్‌తో టబ్బుల్లోకి ఎత్తే కార్మికుడు ఫిల్లర్. అతను రాకపోతే టబ్బు నిండదు, టబ్బు నిండకపోతే ఉత్పత్తి లేదు. అందుకని రాని ఫిల్లర్ల స్థానంలో పని ఇవ్వడానికి గని ముందు కొందరు వేచి ఉండే ఏర్పాటు వచ్చింది. అంటే కొంత గైర్హాజరు ఎప్పుడూ ఉంటుందని యాజమాన్యం ముందే లెక్కగట్టి, దాన్నే ఒక నియామక పద్ధతిగా మార్చింది. ఒకరి నాగా మరొకరి కూలి అయింది. పర్మినెంటు కార్మికుడి గైర్హాజరును తప్పుగా పరిగణించిన వ్యవస్థే, ఆ గైర్హాజరు మీద ఆధారపడి బతికే మరో వర్గాన్ని సృష్టించింది. తర్వాతి కాలంలో బదిలీ కార్మికుడు జనరల్ మజ్దూర్‌గా మారడానికి కూడా మస్టర్ల సంఖ్యే కొలమానమైంది.

3. ఊరికీ బాయికీ నడుమ:
ఉత్తర తెలంగాణ గనుల్లో చేరినవారిలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మొదటితరం పారిశ్రామిక కార్మికులు. 1978 తర్వాత జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రైతాంగ ఉద్యమాలు, వాటిపై నిర్బంధం పెరిగిన కాలంలో పల్లెలు విడిచి గనులకు చేరిన యువకులూ ఉన్నారు. బాయిలో ఉద్యోగం వచ్చినా ఊరిలో తల్లిదండ్రులు, కొద్దిపాటి భూమి, కులబంధాలు, అప్పులు అలాగే ఉన్నాయి. నాట్ల కాలంలో, కోతల కాలంలో ఊరికి వెళ్లడం, దసరా బతుకమ్మలకు ఇంట ఉండడం, రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు కుటుంబంతో కదలడం ఈ బంధంలో భాగమే. 1931లో వెలువడిన భారత కార్మిక రాయల్ కమిషన్ నివేదిక ఝరియా, రాణీగంజ్ గనుల కార్మికుల విషయంలోనూ వ్యవసాయ రుతువుల ప్రభావాన్ని గుర్తించింది.

ఊరు ఒక కారణమైతే శరీరం మరొకటి. వేడి, తేమ, ధూళి, వంగి నడవవలసిన దారులు, బరువులెత్తే పని కలిసి కార్మికుడి నడుమును, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఈ వాస్తవాన్ని చట్టం కూడా ఒప్పుకుంది. 1952 నాటి గనుల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం వేతనంతో కూడిన వార్షిక సెలవుకు అర్హత రావాలంటే భూగర్భంలో పనిచేసేవారికి ఏడాదిలో 190 హాజర్లు సరిపోయేవి, ఉపరితలంలో పనిచేసేవారికి 240 కావలసి ఉండేవి. భూగర్భంలో ప్రతి 15 రోజుల పనికి ఒక రోజు సెలవు లభిస్తే, ఉపరితలంలో ప్రతి 20 రోజులకు ఒక రోజు లభించేది. లోపల చేసే రోజూ పైన చేసే రోజూ సమానం కావన్న అవగాహన ఈ అంకెల్లో ఉంది.

భయం మూడవ కారణం. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. ఇటువంటి సంఘటన తర్వాత కూడా మరునాటి షిఫ్టుకు మనిషి దిగవలసిందే. ఆ దిగడం వెనుక ఉన్న మానసిక శ్రమ మస్టర్ రోలులో నమోదు కాదు. దీనికి సారా, గుడుంబా తోడయ్యాయి. జీతం రోజు చుట్టూ పేరుకున్న గిరిగిరి వడ్డీలు తోడయ్యాయి. అప్పులవాడు గని గేటు దగ్గర నిలబడితే పనికి వెళ్లకపోవడమే తప్పించుకునే దారి అయిన సందర్భాలూ ఉన్నాయి. యాజమాన్య పరిభాషలో ఇవన్నీ కలిపి ఒకే మాట అయ్యాయి: క్రమశిక్షణారాహిత్యం.

4. హాజరుకు వెల కట్టిన కాలం:
స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో గైర్హాజరుకు ప్రభుత్వం ఎంచుకున్న మందు డబ్బు. 1948లో బొగ్గుగనుల భవిష్యనిధి, బోనస్ పథకాల చట్టం వచ్చింది. దాని కింద తెలుగు ప్రాంతపు గనులకు ప్రత్యేకంగా ఒక పథకం అమలైంది. అది తర్వాత ఆంధ్రప్రదేశ్ బొగ్గుగనుల బోనస్ పథకం, 1952 అనే పేరుతో ప్రసిద్ధమైంది. మూడు నెలల కాలంలో నిర్ణీత సంఖ్యలో హాజర్లు ఉన్నవారికి బోనస్ లభిస్తుంది. చట్టవిరుద్ధమైన సమ్మెలో పాల్గొంటే ఆ బోనస్ పోతుంది. ఇక్కడ బోనస్ అంటే లాభంలో పాలు కాదు, క్రమం తప్పకుండా రావడానికి కట్టిన వెల. వ్యక్తిగత నాగానూ సామూహిక సమ్మెనూ ఒకే తక్కెడలో తూచిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

ఇదే కాలంలో బ్రిటన్‌లోనూ ఇటువంటి ప్రయోగమే జరిగింది. 1947లో గనులు జాతీయమయ్యాక అక్కడి జాతీయ బొగ్గు బోర్డు వారానికి ఐదు రోజుల పనికి అంగీకరించింది. ఐదు షిఫ్టులూ తప్పకుండా వచ్చినవారికి ఆరో రోజు వేతనాన్ని బోనస్‌గా ఇచ్చింది. ఒక్క షిఫ్టు అకారణంగా తప్పినా ఆ బోనస్ మొత్తం పోతుంది. ఈ పద్ధతిలోని చిక్కు తేలికగానే అర్థమవుతుంది. సోమవారం ఒక షిఫ్టు తప్పినవాడికి మిగిలిన నాలుగు రోజులు రావడానికి అదనపు ప్రోత్సాహమేమీ మిగలదు. హాజరుకు వెల కట్టినప్పుడు, ఆ వెల తనకు అవసరం లేదనుకున్న రోజున నాగా పెట్టడం కార్మికుడి దృష్టిలో తప్పు కాదు, లెక్క మాత్రమే అవుతుంది.

5. ఎనిమిది రోజుల కోత:
రెండవ మార్గం శిక్ష. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం పది మంది గానీ అంతకు మించి గానీ కలిసికట్టుగా, నోటీసు లేకుండా, తగిన కారణం లేకుండా పనికి రాకపోతే, ఎనిమిది రోజుల వేతనం మించకుండా కోత విధించే వీలుండేది. ఈ నిబంధనలో గమనించవలసింది దాని తర్కం. ఒక్కడు రాకపోతే ఆ రోజు జీతమే పోతుంది. పదిమంది మాట్లాడుకుని రాకపోతే ఎనిమిది రోజుల జీతం పోవచ్చు. చట్టానికి గైర్హాజరు కంటే కలిసి ఉండడమే పెద్ద నేరంగా కనిపించింది.

1981లో ఈ కోతకు వ్యతిరేకంగా సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. ఆ ఆందోళన క్రమంలోనే సింగరేణి కార్మిక సమాఖ్య, సికాస పేరుతో, ఆవిర్భవించింది. గుర్తింపు సంఘాలతో నిమిత్తం లేకుండా గని స్థాయిలో తక్షణ సమస్యలపై పని ఆపే ధోరణి ఆ దశాబ్దంలో బలపడింది. తాగునీరు, క్వార్టర్లు, అధికారుల దుర్భాష, ప్రమాదంలో గాయపడినవారికి వైద్యం వంటి చిన్నవిగా కనిపించే అంశాలపై కూడా గనులు ఆగాయి. 1990ల తొలి సంవత్సరాల్లో సమ్మెల సంఖ్య ఏటా వందలకు చేరింది. 1992లో ప్రభుత్వం సికాసపై నిషేధం విధించింది.

కోత ఉద్దేశం గైర్హాజరును తగ్గించడం. జరిగింది అందుకు పూర్తిగా భిన్నమైనది. విడివిడిగా నాగా పెడుతున్న మనుషులను ఆ శిక్ష ఒకచోట చేర్చింది. ఆత్మగౌరవం దెబ్బతిన్నదన్న భావన వేతన సమస్య కంటే లోతైనదని ఈ సంఘటన తెలియజేస్తుంది. మూడు దశాబ్దాల తర్వాత 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు 35 రోజులు గనుల్లోకి దిగలేదు. ఆ గైర్హాజరును ఇవాళ తెలంగాణ ఉద్యమ చరిత్రలో గౌరవంగా చెప్పుకుంటున్నారు. పనికి రాకపోవడం ఎప్పుడు నేరం, ఎప్పుడు త్యాగం అన్నది ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి మారుతూ వచ్చింది.

6. వాటా, ఓటు:
1990లలో సంస్థ నష్టాలు వెయ్యి కోట్ల రూపాయలు దాటాయి. ఖాయిలా పరిశ్రమల పునర్నిర్మాణ సంస్థ ముందుకు సింగరేణి రెండుసార్లు వెళ్లింది. ఈ సంక్షోభంలోనే మూడవ మార్గం రూపుదిద్దుకుంది. ఎ.పి.వి.ఎన్. శర్మ ఛైర్మన్‌గా ఉన్న కాలంలో అనేక విభాగాల అధికారులతో కూడిన బృందాలు గనులకు వెళ్లి సంస్థ ఆర్థిక పరిస్థితిని కార్మికులకు వివరించే పద్ధతి మొదలైంది. సింగరేణి సేవా సమితి ద్వారా కార్మికుల కుటుంబాలకు, ముఖ్యంగా మహిళలకు, శిక్షణ కార్యక్రమాలు చేపట్టారు.

వీటన్నిటి కంటే ముఖ్యమైనవి రెండు. 1998 సెప్టెంబర్ 9న గుర్తింపు కార్మిక సంఘాన్ని ఎన్నుకోవడానికి రహస్య బ్యాలెట్ ద్వారా ఎన్నికలు జరిగాయి. తమ తరఫున మాట్లాడేది ఎవరో ఓటుతో తేల్చే అవకాశం కార్మికుడికి దక్కింది. ఆ ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. రెండవది, 1999–2000 ఆర్థిక సంవత్సరపు లాభాల్లో 10 శాతాన్ని కార్మికులకు పంచాలన్న నిర్ణయం. ఆ శాతం క్రమంగా పెరుగుతూ 2018–19 లాభాలకు 28కి, 2023–24 లాభాలకు 33కి చేరింది. దసరాకు ముందు లాభాల వాటా, దీపావళికి పనితీరు బోనస్ అందడం కోల్‌బెల్టు ప్రాంత ఆర్థిక జీవితంలో రుతువుల వంటివయ్యాయి. ఒకప్పుడు కార్మికుణ్ణి గని నుంచి ఊరికి లాగిన పండుగే ఇప్పుడు గనితో అతన్ని ముడివేసే సందర్భమైంది.

1990ల చివరి నుంచి సమ్మెల సంఖ్య గణనీయంగా తగ్గింది. సంస్థ లాభాల బాట పట్టింది. అయితే దీన్ని కేవలం వాటా సాధించిన విజయంగా చెప్పడం తొందరపాటు. సికాసపై నిషేధం, పోలీసు నిర్బంధం, స్వచ్ఛంద పదవీ విరమణలు, ఫిల్లర్ల స్థానంలో యంత్రాలు, ఓపెన్‌కాస్టు గనుల విస్తరణ కూడా అదే కాలానికి చెందినవి. 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉంది. సమ్మె చేసే చేతులే తగ్గిపోయాయన్నది కూడా నిజం. అయినా గనికి వచ్చి లెక్కలు చెప్పిన అధికారి, ఓటు, వాటా అనే మూడూ కలిసి కార్మికుడికీ సంస్థకూ ఉన్న సంబంధాన్ని మార్చాయన్నది కాదనలేనిది.

7. జట్టు చెదిరినప్పుడు:
ఉద్యోగుల ఉత్సాహం గురించి 20వ శతాబ్దంలో విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు సాగిన ప్రయోగాలు పనిలో మానవ సంబంధాల ప్రాధాన్యాన్ని ముందుకు తెచ్చాయి. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ జీతం, వసతి వంటివి అసంతృప్తిని తగ్గించగలవే గాని పనిపట్ల ఉత్సాహాన్ని కలిగించలేవని సిద్ధాంతీకరించాడు. గనులకు సంబంధించినంతవరకు 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ బ్రిటన్ బొగ్గుగనులపై ప్రచురించిన అధ్యయనం మరింత ఉపయుక్తమైనది. బామ్‌ఫోర్త్ స్వయంగా గనికార్మికుడిగా పనిచేసినవాడు.

పూర్వపద్ధతిలో కొద్దిమంది తమకు తామే జట్టుకట్టి, బొగ్గు తవ్వడం నుంచి తరలించడం దాకా మొత్తం పనిని కలిసి చేసేవారు. యంత్రాలతో కూడిన లాంగ్‌వాల్ పద్ధతి వచ్చాక నలభై, యాభై మంది మూడు షిఫ్టుల్లో ముక్కలు ముక్కలుగా పని పంచుకోవలసి వచ్చింది. ఒక షిఫ్టు చేసిన తప్పు మరో షిఫ్టు మీద పడింది. పక్కవాడి పట్ల బాధ్యత సన్నగిల్లింది. గైర్హాజరు ఆ పరిస్థితికి ఒక స్పందనగా కనిపించిందని వారు వివరించారు.

ఈ పరిశీలన సింగరేణికి పనికివస్తుంది. చేతితో బొగ్గు నింపే కాలంలో ఫిల్లర్లు జట్టుగా పనిచేశారు. పని అత్యంత కష్టమైనది, టబ్బులు సకాలంలో అందకపోతే సంపాదన కూడా పడిపోయేది. అయినా తాను రాకపోతే తోటివారి మీద భారం పడుతుందన్న స్పృహ ఆ జట్టులో ఉంది. 1983లో గోదావరిఖని 7వ గనిలో లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాయి. తర్వాత ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు ఫిల్లర్ వృత్తినే తుడిచిపెట్టాయి. శరీరానికి కొంత ఊరట కలిగింది. కాని జట్టు కలిగించే బాధ్యతకు ప్రత్యామ్నాయం మాత్రం యంత్రంతోపాటు రాలేదు. చేతిపనిని కీర్తించి యంత్రాన్ని నిందించడం ఇక్కడి ఉద్దేశం కాదు. యంత్రం తెచ్చేటప్పుడు పని ఏర్పాటును కూడా కొత్తగా ఆలోచించవలసి ఉంటుందన్నదే దీని సారాంశం.

8. నూరు మస్టర్లు:
ఇక వ్యక్తిగత నాగా సంగతి. ఏడాదికి నూరు మస్టర్లు అన్నది సింగరేణి కుటుంబాలన్నిటికీ తెలిసిన అంకె. అంతకంటే తక్కువ హాజరు ఉన్నవారికి చార్జిషీటు, విచారణ, చివరికి డిస్మిస్ ఎదురవుతాయి. ఇలా ఉద్యోగం పోగొట్టుకున్నవారిని తిరిగి తీసుకోవాలన్న డిమాండు కార్మిక సంఘాల ఎజెండాలో ఏళ్ల తరబడి కొనసాగింది. డిస్మిస్ కార్మికుడు అనే మాట కోల్‌బెల్టులో ఒక సామాజిక స్థితిని తెలిపే పదంగా స్థిరపడింది. క్వార్టరు, వైద్యం, పిల్లల చదువు, ఊరిలో పరువు, తర్వాతి తరానికి ఉద్యోగావకాశం ఒక్కసారిగా పోవడం ఆ మాటలో ఉంది.

ఇటీవలి దశాబ్దాల్లో శిక్షకు ముందు కౌన్సెలింగ్ ఇచ్చే పద్ధతి బలపడింది. తక్కువ మస్టర్లు ఉన్న కార్మికులను గని అధికారులు, సంఘ ప్రతినిధుల సమక్షంలో పిలిపించి, భార్యాపిల్లలను కూడా రప్పించి మాట్లాడతారు. గైర్హాజరు వెనుక ఇల్లు ఉందని యాజమాన్యం గుర్తించడం ఒక ముందడుగు. అదే సమయంలో ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది కూడా ఉంది. భర్తను పనికి పంపవలసిన బాధ్యత భార్య మీద పడుతుంది. అప్పు, అనారోగ్యం, మద్యం వంటి సమస్యలు కుటుంబ సమస్యలుగా మారిపోయి, వాటిలో పని పరిస్థితుల వాటా ఎంతన్న ప్రశ్న పక్కకు పోతుంది.

లాభాల వాటా పంపిణీలోనూ హాజరును లెక్కలోకి తీసుకుంటారు. ఎక్కువ మస్టర్లున్నవారికి ఎక్కువ వాటా. ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని నడుము పోయి, ఊపిరి అందక నాగా పెట్టిన యాభై ఏళ్ల కార్మికుడికీ, కావాలని నాగా పెట్టిన యువకుడికీ ఈ లెక్కలో తేడా ఉండదు. పనికి రాలేనివాణ్ణి పనికి రానివాడిగా లెక్కగట్టే ప్రమాదం ఇందులో ఉంది. వారసత్వ ఉద్యోగాల వివాదాన్ని ఈ కోణంలో కూడా చూడవలసి ఉంటుంది. ఆ పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేశాక, వైద్యకారణాలతో అన్‌ఫిట్ అయినవారి పిల్లలకు కారుణ్య నియామకాలు వచ్చాయి. శరీరం సహకరించని కార్మికుడు గౌరవంగా బయటికి వెళ్లే ద్వారం అది ఒక్కటే అయినప్పుడు, ఆ ద్వారం ముందు నిలబడ్డవారి నాగాలను సోమరితనంగా చదవడం సరికాదు.

9. లెక్కకు రాని గైర్హాజరు:
ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి తొలగింపు మొదలుకొని పారిశుధ్యం, రవాణా దాకా వేలాదిమంది కాంట్రాక్టు కార్మికులు పనిచేస్తున్నారు. 2024లో లాభాల పంపిణీ సందర్భంగా తొలిసారిగా వారికి తలా 5,000 రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మొత్తానికీ పర్మినెంటు కార్మికుల సగటు వాటాకూ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. అయినా వాటా అనే సూత్రం గేటు బయటి మనిషి దాకా రావడం గమనించదగ్గది.

కాంట్రాక్టు కార్మికుడు రాకపోతే కౌన్సెలింగ్ ఉండదు, భార్యను పిలిపించరు, ఛార్జిషీటు కూడా రాదు. మరునాడు ఇంకొకరు వస్తారు. ఒకనాటి బదిలీ ఫిల్లర్ స్థితి ఇక్కడ మరో రూపంలో కొనసాగుతున్నది. అతనికి కనీసం మస్టర్లు పెరిగితే పర్మినెంటు అవుతానన్న ఆశ ఉంది. ఇతనికి ఆ ఆశ కూడా దూరమే. గైర్హాజరు సమస్యగా నమోదు కావాలంటే ముందు ఆ మనిషి సంస్థకు చెందినవాడై ఉండాలి. సింగరేణిలో నాగాలు తగ్గాయా పెరిగాయా అని లెక్కవేసేటప్పుడు ఆ లెక్కలో ఎవరి పేర్లున్నాయో కూడా చూడవలసి ఉంటుంది.

10. ముగింపు:
పై పరిశీలన నుంచి ఈ క్రింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

• ఉత్తర తెలంగాణ గనుల్లో గైర్హాజరు ఒకే సమస్య కాదు. సామూహిక గైర్హాజరు అధికారంతో కార్మికుడికున్న సంబంధానికి చెందినది. వ్యక్తిగత నాగా శరీరానికి, ఊరికి, ఇంటికి చెందినది. ఒకదానికి పనిచేసిన మందు రెండవదానికి పనిచేయలేదు.

• హాజరుకు ముడిపెట్టిన బోనస్ గైర్హాజరును ఒక లెక్కగా మార్చింది. సామూహిక శిక్ష దాన్ని ఉద్యమంగా మార్చింది. రెండూ కార్మికుణ్ణి ఒప్పించడానికి కాక లొంగదీయడానికి ఉద్దేశించినవి.

• 1998 ఎన్నికలు, 1999–2000 నుంచి లాభాల పంపిణీ కార్మికుడిని సంస్థ భవిష్యత్తులో భాగస్వామిని చేశాయి. సమ్మెలు తగ్గడానికి వీటితోపాటు నిర్బంధం, సిబ్బంది తగ్గింపు కూడా కారణాలని మరువరాదు.

• కౌన్సెలింగ్ కేంద్రాలు ఈనాటికీ అవసరమవుతున్నాయంటే, వాటా పెరిగినా వ్యక్తిగత నాగా సమస్య తీరలేదని అర్థం. వృత్తిరోగాల గుర్తింపు, వయసు పెరిగినవారికి తేలికపాటి పని, అప్పుల నుంచి రక్షణ, జట్టుగా పనిచేసే ఏర్పాటు వంటివి ఈ దిశగా పరిశీలించదగ్గవి.

• కాంట్రాక్టు కార్మికుల హాజరు చరిత్ర ఇంకా రాయవలసి ఉంది. మందమర్రి, శ్రీరాంపూర్, రామగుండం ప్రాంతాల్లో మౌఖిక చరిత్ర సేకరణకు అవకాశం ఇప్పటికీ మిగిలి ఉంది. చేతితో బొగ్గు నింపిన చివరితరం ఫిల్లర్లు వృద్ధాప్యంలో ఉన్నారు కనుక ఆ పని ఆలస్యం కారాదు.

ఉద్యోగిని సంతోషపెడితే పనికి వస్తాడన్న సూత్రం ఉద్యోగి సంతోషాన్ని యాజమాన్యం చేతిలోని సాధనంగా చూస్తుంది. సింగరేణి అనుభవం దానికి భిన్నమైన క్రమాన్ని చూపుతున్నది. ఇక్కడ కార్మికుడి తృప్తికి ఆధారమైన ఓటు, వాటా, సెలవు, వైద్యం ఏ ఒక్కటీ హాజరు పెంచడానికి మాత్రమే ఇచ్చిన కానుక కాదు. వాటి వెనుక అడిగి, ఆగి, పోరాడి తెచ్చుకున్న చరిత్ర ఉంది. అవి దక్కిన మేరకు కార్మికుడు గనిని తనదిగా భావించాడు, దక్కనిచోట నాగా మిగిలింది. మస్టర్ రోలులోని ఖాళీ గడిని లోపంగా మాత్రమే చదివితే ఈ చరిత్ర కనిపించదు. అందులో ఒక మనిషి ఎందుకు లేడన్న ప్రశ్నతో చదివినప్పుడే కనిపిస్తుంది.